కాలిఫోర్నియాలో అద్దె ఇంట్లో డేకేర్ లైసెన్స్ వస్తుందా? తీసుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్

చిట్టితల్లి_అమ్మ:

హాయ్ అండి అందరికీ. మేము ఫ్రీమాంట్‌లో ఒక టౌన్‌హౌస్ అద్దెకి తీసుకుని ఉంటున్నాం. నాది హెచ్4 (డిపెండెంట్ వీసా), ఈఏడీ (పని చేసుకోవడానికి ఇచ్చే పర్మిట్ కార్డ్) ఉంది. పాపకి రెండున్నరేళ్లు. దాన్ని డేకేర్‌లో వేసి నేను ఉద్యోగానికి వెళ్తే వచ్చే జీతంలో పెద్ద ముక్క అక్కడే పోతుంది, పైగా గ్యాప్ వచ్చాక మళ్లీ మొదట్నుంచి ఇంటర్వ్యూలకి ప్రిపేర్ అయ్యే ఓపిక నిజంగా లేదు. ఇండియాలో ఉన్నప్పుడు ప్రీస్కూల్లో టీచర్‌గా చేశాను, పిల్లలతో ఉండటం నాకు ఇష్టమే, అలసటగా కూడా అనిపించదు. అందుకే ఇంట్లోనే లైసెన్స్ తీసుకుని డేకేర్ పెడదామని.

మా ఆయనేమో ఓనర్‌కి తెలిస్తే ఇల్లు ఖాళీ చేయమంటాడు, ఎందుకొచ్చిన గొడవ అంటున్నారు. లీజ్‌లో ఇంట్లో వ్యాపారం చేయకూడదని రాసి కూడా ఉంది, హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల ఓనర్ల సంఘం) సంగతి సరేసరి. ఇంకోటి, మా అత్తయ్య గారు వచ్చే నెల విజిటర్ వీసా మీద వస్తున్నారు, ఆరు నెలలు ఉంటారు, ఆవిడ ఉండగానే మొదలుపెడితే నాకు చేదోడుగా ఉంటారని ఆశ. ఎంతమంది పిల్లల్ని తీసుకోవచ్చు, మా పాప లెక్కలోకి వస్తుందా, ఇంట్లో ఏం మార్పులు చేయాలి, ఇంత కష్టపడితే ఏమైనా మిగులుతుందా, తెలిసినవాళ్లు చెప్పండి. మా కమ్యూనిటీలో ఇద్దరు ముగ్గురు అసలు లైసెన్స్ లేకుండానే చూసుకుంటున్నారట, అది కూడా నిజంగా అవసరమా అని డౌట్.

ప్లేపెన్_అక్క:

మాది శాన్ హోసే. అద్దె ఇంట్లోనే స్మాల్ లైసెన్స్ (తక్కువ మంది పిల్లలకి ఇచ్చేది) మీద కొన్నేళ్లుగా నడుపుతున్నా, కాబట్టి ముందు మీ వారి భయం సంగతి చూద్దాం. ఎస్‌బీ 234 అని ఒక చట్టం 2019లో వచ్చింది, 2020 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం లైసెన్స్ ఉన్న హోమ్ డేకేర్‌ని మామూలుగా ఇంట్లో కాపురం ఉన్నట్టే చూడాలి, వ్యాపారం కింద చూడకూడదు. లీజ్‌లో ఏం రాసున్నా, హెచ్‌ఓఏ రూల్స్‌లో ఏం రాసున్నా ఈ విషయంలో చెల్లదు. సిటీ వాళ్లు కూడా జోనింగ్ పర్మిట్ అనో బిజినెస్ లైసెన్స్ అనో అడగకూడదు. మీరు చేయాల్సిందల్లా మొదలుపెట్టడానికి కనీసం 30 రోజుల ముందు ఓనర్‌కి రాతపూర్వకంగా చెప్పడం. దానికి ఫామ్ అప్లికేషన్ ప్యాకెట్‌లోనే ఉంటుంది. చట్టం ఒప్పుకునేంత వరకు ఆయన డిపాజిట్ పెంచొచ్చు, అంతకుమించి వద్దనడానికి లేదు. అలాగని నోటీస్ పోస్ట్‌లో పడేసి ఊరుకోకండి, ముందు ఫోన్ చేసి మర్యాదగా మాట్లాడండి. చట్టం మన వైపు ఉన్నా రేపు గీజర్ పాడైతే ఫోన్ చేయాల్సింది ఆయనకే కదా.

ఇక అసలు సంగతి. లైసెన్స్ అనగానే డ్రైవింగ్ లైసెన్స్ లాగా మనతో పాటు వస్తుందనుకుంటాం, ఇది అలా కాదు. మీ పేరుకీ ఆ అడ్రస్‌కీ కలిపి ఇస్తారు. ఇల్లు మారితే మళ్లీ అప్లికేషన్, మళ్లీ ఇన్‌స్పెక్షన్. ఆ ఇంట్లో ఉండే 18 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరూ లైవ్ స్కాన్‌కి వెళ్లి వేలిముద్రలు ఇవ్వాలి, మీ వారితో సహా. అంటే ఒకరకంగా ఇంటిల్లిపాదినీ పరీక్ష చేసి ఇచ్చే లైసెన్స్ ఇది, అందుకే మీ వారు మనస్ఫూర్తిగా ఒప్పుకోకుండా మొదలుపెట్టొద్దు అంటాను.

ఇప్పుడు లెక్క, ఇది జాగ్రత్తగా చదవండి ఎందుకంటే మీ సంపాదన మొత్తం దీని మీదే ఉంటుంది. స్మాల్ లైసెన్స్‌లో మామూలుగా ఆరుగురు, అందులో రెండేళ్లు నిండని వాళ్లు ముగ్గురికి మించకూడదు. లేదా అందరూ రెండేళ్లలోపు వాళ్లే అయితే నలుగురు. ఎనిమిది మంది వరకు కూడా వెళ్లొచ్చు కానీ అప్పుడు రెండేళ్లలోపు వాళ్లు ఇద్దరే ఉండాలి, ఒకరు కిండర్‌గార్టెన్‌కో అంతకన్నా పై క్లాసుకో వెళ్తుండాలి, ఇంకొకరికి ఆరేళ్లు నిండి ఉండాలి, పేరెంట్స్‌కి చెప్పాలి, అద్దె ఇల్లయితే ఓనర్ సంతకం కూడా కావాలి (దీనికి మాత్రం ఆయన వద్దనొచ్చు). ఇంట్లో ఉండే మన పిల్లలు పదేళ్లలోపు వాళ్లయితే వాళ్లూ లెక్కలోకే వస్తారు. అంటే మీ పాప ఒక సీటు, మిగిలినవి ఐదు. మీరు ఫీజు వచ్చే సీట్లు ఆరు అనుకుని బడ్జెట్ వేసుకుంటే అక్కడే దెబ్బ తింటారు.

కాగితాల పని చూడ్డానికి పెద్దగా ఉంటుంది గానీ కష్టమేం కాదు. స్టేట్ సోషల్ సర్వీసెస్ డిపార్ట్‌మెంట్‌లో కమ్యూనిటీ కేర్ లైసెన్సింగ్ అని ఒక విభాగం ఉంటుంది, వాళ్ల ఓరియంటేషన్ ఆన్‌లైన్‌లో చేసేసి అప్పుడు అప్లై చేయాలి. 16 గంటల ట్రైనింగ్ ఉంటుంది, పిల్లల సీపీఆర్, ఫస్ట్ ఎయిడ్, రోగాలు రాకుండా చూసుకోవడం, పోషణ, పెయింట్‌లో సీసం లాంటివి. సీపీఆర్ మాత్రం బొమ్మ మీద చేతులతో చేసి చూపించే క్లాసే కావాలి, ఇంట్లో కూర్చుని వీడియో చూసి తెచ్చుకున్న సర్టిఫికెట్ పనికిరాదు, దాన్ని రెండేళ్లకోసారి రెన్యూ చేయాలి. టీబీ టెస్ట్, మీజిల్స్, కోరింత దగ్గు టీకాల రికార్డులు ఉండాలి. మనవాళ్లకి చిన్నప్పటి టీకాల కార్డు ఎక్కడుందో ఎవరికీ తెలీదు, అమ్మావాళ్లకి ఫోన్ చేసి బీరువా వెతికించే బదులు ఇక్కడ డాక్టర్ దగ్గర బ్లడ్ టెస్ట్ చేయించుకుంటే మీజిల్స్‌కి ఇమ్యూనిటీ ఉందో లేదో తేలిపోతుంది, కోరింత దగ్గుకి మాత్రం అలా కుదరదు, టీకా రికార్డే కావాలి.

ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినావిడ మా ఇంట్లో బొమ్మల వైపు కూడా చూడలేదు. సింక్ కింద తలుపు తీసి చూసింది, బాత్రూమ్‌లో మందుల అర చూసింది, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ తిప్పి 2ఏ10బీసీ అని రాసుందా లేదా చూసింది (చిన్నది కొంటే ఒప్పుకోరు), పొగ అలారం, కార్బన్ మోనాక్సైడ్ అలారం నొక్కి చూసింది. మీది టౌన్‌హౌస్ కాబట్టి మెట్లకి గేట్ తప్పనిసరి, ఐదేళ్లలోపు పిల్లలు ఉంటే మెట్లు మూసుండాలి. పైన బెడ్‌రూమ్‌లు పిల్లలకి వాడం అని అప్లికేషన్‌తో ఇచ్చే ఇంటి స్కెచ్‌లో రాసిస్తే అటువైపు సర్దే పని తగ్గుతుంది, కానీ రాసిచ్చాక నిజంగానే వాడకూడదు. బేబీ వాకర్ ఉంటే ఎవరికైనా ఇచ్చేయండి, లైసెన్స్ ఉన్న ఇంట్లో అది నిషేధం.

బొబ్బట్టు_బ్రో:

ఇంత తతంగం ఎందుకండి, మా పక్క బిల్డింగ్‌లో ఆంటీ ఐదుగురు పిల్లల్ని చూస్తారు, వాట్సాప్ గ్రూప్‌లోనే అందరూ దొరుకుతారు, క్యాష్ తీసుకుంటారు, ఎవరూ అడగలేదు. ముందు అలా మొదలుపెట్టి బాగుంటే అప్పుడు లైసెన్స్ చూసుకోవచ్చు కదా.

ప్లేపెన్_అక్క:

@బొబ్బట్టు_బ్రో, అడగరు తమ్ముడూ, ఏదైనా జరిగేదాకా ఎవరూ అడగరు. లైసెన్స్ లేకుండా చట్టప్రకారం చూసుకోగలిగింది మన పిల్లలు కాకుండా ఇంకొక్క కుటుంబం పిల్లల్ని మాత్రమే. రెండో కుటుంబం పిల్లాడు గడప తొక్కితే లైసెన్స్ కావాలి. ఐదుగురు ఐదు ఇళ్ల నుంచి వస్తుంటే ఎవరో ఒకరు కంప్లయింట్ ఇస్తే చాలు, మూయించి రోజుకింత అని ఫైన్ వేస్తారు. ఇక వీసా మీద ఉన్నవాళ్లు క్యాష్ తీసుకుని లెక్క చూపించకుండా ఉండటం గురించి నేను చెప్పక్కర్లేదు, రేపు గ్రీన్ కార్డ్ టైమ్‌లో తలనొప్పి. అయినా ఆ ఒక్క కుటుంబం వెసులుబాటు మంచిదే, ఫ్రెండ్ బిడ్డని కొన్ని నెలలు చూసుకుంటే మనవల్ల అవుతుందో లేదో తెలుస్తుంది. వేరే పిల్లాడు మన ఇంట్లో మన పాప బొమ్మ లాక్కుంటే పాప ఎలా ఉంటుందో కూడా తెలుస్తుంది, అది చిన్న విషయం కాదు.

రెండేళ్ల_బాబు_నాన్న:

నేను పేరెంట్ వైపు నుంచి చెప్తా. మా బాబుని హోమ్ డేకేర్‌లోనే వేశాం. వేసే ముందు లైసెన్స్ నంబర్ అడిగి స్టేట్ వెబ్‌సైట్‌లో కొట్టి ఇన్‌స్పెక్షన్ రిపోర్టులు చదివాం, ఈ రోజుల్లో అందరూ చదువుతున్నారు. యాడ్‌లో లైసెన్స్ నంబర్ వేయాలని రూల్ కూడా ఉంది, వాట్సాప్‌లో పోస్టర్ పెట్టినా సరే వేయండి, అది లేని పోస్టర్ చూస్తే మేము స్క్రోల్ చేసేస్తాం. తెలుగు మాట్లాడతారు, ఇంటి భోజనం పెడతారు అనేవి మమ్మల్ని లోపలికి తీసుకొస్తాయి అంతే, బిడ్డని వదిలి వెళ్లాలంటే వేరేవి చూస్తాం. మేము వెళ్లిన ఒకచోట హాల్లో టీవీ పొద్దున్నించీ ఆన్‌లోనే ఉంది, పిల్లలు సోఫా మీద వరసగా కూర్చున్నారు, వెనక్కి తిరిగి వచ్చేశాం. ఇంకోచోట ఆవిడ మా ఎదురుగానే డైపర్ మార్చి చేతులు కడుక్కుని బాబు చేతులు కూడా కడిగింది, మా ఆవిడ అక్కడే ఫిక్స్ అయిపోయింది.

ఇంకో మాట, ఫీజు ఎప్పుడు కట్టాలి, జ్వరం ఉంటే తీసుకుంటారా లేదా, మీకు సెలవులు ఎప్పుడు, లేటుగా వస్తే ఎంత, ఇవన్నీ కాగితం మీద రాసి సంతకం పెట్టించుకోండి. మనవాళ్లే కదా అని మొహమాటపడితే సాయంత్రం ట్రాఫిక్ అని చెప్పి ఏడింటికి వస్తారు. మేమూ వచ్చేవాళ్లమే, లేట్ ఫీజు కట్టించాక మానేశాం 😀

జెర_ఆగు_అక్కా:

అక్కా, నేను ఇక్కడే కాలిఫోర్నియా డబ్లిన్‌ల ఉంట, స్మాల్‌తోని మొదలువెట్టి ఇప్పుడు లార్జ్ నడిపిస్తున్న. అందరు లైసెన్స్ ఎట్ల తీస్కోవాలె అని చెప్తున్నరు, మంచిగనే ఉంది, నేను పైసల ముచ్చట చెప్త. ఇంతకుముందు హోమ్ డేకేర్‌లు బతికింది మూడు నాలుగేండ్ల పిల్లలతోని. ఇప్పుడు 2025-26 నుంచి కాలిఫోర్నియాల నాలుగేండ్లు నిండిన పోరగాళ్లందరికీ గవర్నమెంట్ స్కూల్ల టీకే (కిండర్‌గార్టెన్‌కి ముందు ఏడాది క్లాస్) ఫ్రీ. ఫ్రీ అంటే ఎవరు ఉంటరు మన దగ్గర? పొద్దంతా ఉండే నాలుగేండ్లోళ్లు పోయిన్రు. డిమాండ్ మొత్తం ఇన్‌ఫాంట్లకే (రెండేండ్లు నిండనోళ్లు) ఉంది, నాకైతే కడుపుతోని ఉన్నప్పుడే ఫోన్ చేసి సీటు అడుగుతరు. కానీ నీ పాపకి రెండేండ్లు దాటినయి కద, ఇన్‌ఫాంట్లను ముగ్గురికంటె ఎక్కువ తీస్కోలేవు, పైన అక్క చెప్పింది కద. గందుకె నీ ఐదు సీట్లల్ల ముగ్గురు చంటోళ్లు, ఇద్దరు రెండేండ్లు దాటినోళ్లు అనుకో. ఆ ముగ్గురిల ఎవ్వరికైన రెండేండ్లు నిండితె అప్పుడు ఇంకో చంటోడికి జాగ అయితది. ఎవలకి ఎప్పుడు రెండేండ్లు నిండుతయో క్యాలెండర్‌ల రాస్కొని పెట్టుకో, వెయిటింగ్ లిస్ట్ దాన్ని బట్టే నడుస్తది.

టీకే పోరగాళ్లను కూడ ఇడ్సిపెట్టకు. స్కూల్ మధ్యాహ్నమే అయిపోతది, అమ్మనాయనలు ఆఫీసుల నుంచి వచ్చేదాక ఎవలో ఒకలు చూడాలె. స్కూల్ నీ ఇంటికాడికి నడిచేంత దూరం ఉంటె మస్తు.

లార్జ్ లైసెన్స్‌కి ఇప్పుడే ఆశపడకు. పన్నెండు మంది దాక తీస్కోవచ్చు, షరతులు ఉంటె పద్నాలుగు, కానీ అసిస్టెంట్ ఉండాలె, ఫైర్ డిపార్ట్‌మెంటోళ్లు వచ్చి చూడాలె. అసిస్టెంట్ జీతం, వర్కర్స్ కాంప్ (పనోళ్లకి దెబ్బ తగిలితే ఇచ్చే ఇన్సూరెన్స్), పేరోల్ అన్ని మీద పడతయి. ఏడెనిమిది మంది పిల్లలున్నప్పుడు అసిస్టెంట్‌కి ఇచ్చినంక చేతికి వచ్చేది ఒక్కదానివి ఆరుగురిని చూస్కున్నప్పటికంటె తక్కువనే ఉంటది, నిండితేనే లాభం.

గ్రీన్_ఇంక్:

టాక్స్ వైపు నేను రెండు మూడు విషయాలు చెప్తాను, మా ఆవిడ డేకేర్ లెక్కలన్నీ నేనే చూస్తా కాబట్టి. మామూలుగా హోమ్ ఆఫీస్ ఖర్చు చూపించాలంటే ఆ గది ఆఫీసుకి తప్ప దేనికీ వాడకూడదు. డేకేర్‌కి ఆ నిబంధన లేదు, పగలు పిల్లలు ఆడుకున్న హాల్లోనే రాత్రి మీరు టీవీ చూసుకోవచ్చు. కానీ ఈ మినహాయింపు లైసెన్స్ ఉన్నవాళ్లకి, అప్లై చేసి ఇంకా రిజెక్ట్ కాని వాళ్లకి, లేదా చట్టప్రకారం లైసెన్స్ అక్కర్లేని వాళ్లకే. ఇంట్లో ఎన్ని చదరపు అడుగులు వాడుతున్నారు, ఏడాదిలో ఎన్ని గంటలు వాడుతున్నారు, ఈ రెండూ గుణించి వచ్చిన శాతం అద్దెలో, కరెంట్ బిల్లులో చూపించుకోవచ్చు. దానికి టాక్స్ ఫామ్ 8829 నింపాలి. పిల్లలు వెళ్లాక మీరు తుడిచి సర్దే గంటలు కూడా అందులోకి వస్తాయి, కాబట్టి రోజూ టైమ్ రాసిపెట్టుకోండి. వచ్చిన లాభం మీద ఇన్‌కమ్ టాక్స్ కాకుండా 15.3 శాతం సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్స్ ఉంటుంది, మూడు నెలలకోసారి కట్టాలి, మొదటి ఏడాది చాలామంది ఏప్రిల్‌లో బిల్లు చూసి షాక్ అవుతారు.

ఇన్సూరెన్స్: రెంటర్స్ పాలసీ (అద్దెకి ఉండేవాళ్లు తీసుకునే ఇన్సూరెన్స్) డేకేర్‌లో జరిగినవాటికి పనిచేయదు. స్టేట్ ప్రకారం లయబిలిటీ పాలసీ గానీ బాండ్ గానీ ఉండాలి, లేదంటే ఇన్సూరెన్స్ లేదని తెలిసే పిల్లల్ని పంపుతున్నాం అని ప్రతి పేరెంట్ దగ్గరా సంతకం తీసుకోవాలి. ఆ సంతకాల దారి చట్టంలో ఉంది గానీ నేనైతే మీకు పాలసీయే తీసుకోమంటా.

ఫుడ్ ప్రోగ్రామ్ గురించి ఎవరూ చెప్పలేదు. సీఏసీఎఫ్‌పీ అని ఫెడరల్ ప్రోగ్రామ్ ఉంది, లైసెన్స్ వచ్చాక దగ్గర్లోని స్పాన్సర్ ఏజెన్సీలో చేరితే పిల్లలకి పెట్టిన భోజనాలకి డబ్బులు తిరిగిస్తారు (మీ సొంత పాప భోజనానికి మాత్రం ఇన్‌కమ్ లిమిట్ ఉంటుంది). వెజిటేరియన్ అయినా ఇబ్బంది లేదు, పప్పు, శనగలు, రాజ్మా మాంసానికి బదులు కింద ఒప్పుకుంటారు. రోజుకి ఒక్కసారైనా ముడి ధాన్యం ఉండాలి కాబట్టి గోధుమ రొట్టె, బ్రౌన్ రైస్ లాంటివి పెట్టాలి. తమాషా ఏంటంటే పెరుగు కొన్నదే లెక్కలోకి వస్తుంది, ఇంట్లో తోడు పెట్టింది రాదు. మా ఆవిడకి ఇప్పటికీ దాని మీద కోపం.

ఇంకొకటి, ఇదే అన్నిటికంటే ముఖ్యం అనుకుంటున్నా. 2025 అక్టోబర్ 30 నుంచి వేసే ఈఏడీ రెన్యువల్స్‌కి ఆటోమేటిక్ ఎక్స్‌టెన్షన్ తీసేశారు. కార్డ్ డేట్ అయిపోయి కొత్తది రాకపోతే ఆ రోజు నుంచి మీరు పని ఆపాలి. ఉద్యోగమైతే అన్‌పెయిడ్ లీవ్ పెట్టొచ్చు, డేకేర్ అయితే ఐదు కుటుంబాలు సోమవారం పొద్దున పిల్లల్ని ఎక్కడ పెట్టుకోవాలి? వాళ్లు వేరేచోట చేరితే తిరిగి రారు. మీ కార్డ్ ఎప్పటివరకు ఉందో చూసుకుని, గడువుకి ఆరు నెలల ముందే రెన్యువల్ వేసేలా ప్లాన్ చేసుకోండి. పేరెంట్స్‌కి కూడా అగ్రిమెంట్‌లోనే ఈ సంగతి చెప్పి ఉంచితే మంచిది.

చిట్టితల్లి_అమ్మ:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్ అండి, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. మా ఆయనకి మొత్తం చదివి వినిపించా, ఓనర్ విషయంలో కాస్త మెత్తబడ్డారు, ఈఏడీ విషయం విని మళ్లీ డల్ అయిపోయారు 😅 నా కార్డ్‌కి ఇంకా ఏడాదిన్నర పైన టైమ్ ఉంది. ఒక్క డౌట్ మిగిలింది. అత్తయ్య గారు వంట చేసిపెట్టడం, పిల్లల్ని ఎత్తుకోవడం లాంటివి చేయొచ్చా? ఆవిడకి చంటిపిల్లల విషయంలో చాలా అనుభవం, ముగ్గురు మనవళ్లని పెంచారు. నేను డెంటిస్ట్ దగ్గరికో ఎక్కడికో వెళ్లాల్సి వస్తే మా ఆయనో అత్తయ్యో చూసుకుంటారని అనుకున్నా.

ప్లేపెన్_అక్క:

ఇది తేలిగ్గా తీసుకోకండమ్మా. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లు పని చేయకూడదు, జీతం ఇవ్వకపోయినా మీ వ్యాపారంలో ఆవిడ రోజూ సాయం చేస్తుంటే అది పని కిందకే వస్తుంది. మీ వారు హెచ్1 వర్క్ వీసా మీద ఉంటే ఆయన స్పాన్సర్ చేసిన కంపెనీకి తప్ప ఇంకెక్కడా పని చేయకూడదు, కాబట్టి అసిస్టెంట్ లిస్టులో ఆయన పేరు కూడా వద్దు. డేకేర్ నడిచే టైమ్‌లో ఐదింట నాలుగు వంతులు మీరే ఇంట్లో ఉండాలి, 20 శాతానికి మించి బయట ఉండకూడదని రూల్. ఆ కాస్త టైమ్‌కైనా వేలిముద్రలు క్లియర్ అయి సీపీఆర్ ఉన్న మనిషి కావాలి, ఈఏడీయో గ్రీన్ కార్డో ఉన్న ఫ్రెండ్‌ని ముందే చూసిపెట్టుకోండి, డెంటిస్ట్ అపాయింట్‌మెంట్ ఎలాగూ సాయంత్రానికి పెట్టుకోవచ్చు.

ఆరు నెలలంటే ఆవిడ ఆ ఇంట్లో ఉంటున్నట్టే, కాబట్టి మీ లైసెన్సింగ్ అనలిస్ట్‌కి (మీ ఫైల్ చూసే స్టేట్ ఆఫీసర్) ముందే ఈమెయిల్ పెట్టి ఆవిడ వేలిముద్రల సంగతి తేల్చుకోండి. ఇన్‌స్పెక్షన్‌కి చెప్పకుండా వస్తారు, సోఫాలో కూర్చున్న పెద్దావిడ ఎవరు అని మొదట అడిగేది అదే.

ఇక అనుభవం అంటారా, నిజం చెప్పాలంటే మా అత్తగారితో నాకు వచ్చిన పేచీ అంతా అక్కడే. లైసెన్స్ ఇంట్లో ఏడాదిలోపు బిడ్డని వెల్లకిలానే పడుకోబెట్టాలి. క్రిబ్‌లో గానీ ప్లేయార్డ్‌లో గానీ పరుపు మీద బిగుతుగా వేసిన షీట్ ఒక్కటే ఉండాలి, కప్పడానికి ఏం ఉండకూడదు, దిండు, బొమ్మ ఏవీ ఉండకూడదు, గుడ్డలో చుట్టకూడదు. ఉయ్యాల్లో నిద్రపోతే తీసి క్రిబ్‌లోకి మార్చాలి. రెండేళ్లలోపు వాళ్లు నిద్రపోతున్నప్పుడు ప్రతి 15 నిమిషాలకీ దగ్గరికి వెళ్లి ఊపిరి, ఒంటి రంగు చూసి టైమ్ రాయాలి. మా అత్తగారు నేను అటు తిరగ్గానే పాపం చలేస్తుంది అని శాలువా కప్పేసేవారు. చెప్పీ చెప్పీ చివరికి పిల్లలు పడుకునే గదిని డేకేర్ టైమ్‌లో ఆవిడ రాని గదిగా పెట్టేశాం, ఆవిడ పైన తన గదిలో ఉండేవారు. మీరు ఆవిడ వెళ్లాక మొదలుపెట్టండి అంటాను నేనైతే. ఈ ఆరు నెలల్లో ఓరియంటేషన్, సీపీఆర్, అప్లికేషన్ అన్నీ అయిపోతాయి, ఆవిడ పాపని చూసుకుంటుంటే మీరు క్లాసులకి వెళ్లొచ్చు, సొంత మనవరాలిని చూసుకోవడానికి ఏ రూలూ అడ్డురాదు.

చిట్టితల్లి_అమ్మ:

ఇది నాకు అసలు తట్టలేదక్కా, ఇదే బాగుంది. మరి ఓనర్‌కి నోటీస్ ఇప్పుడే ఇచ్చేయాలా, లైసెన్స్ వచ్చాకా?

ప్లేపెన్_అక్క:

లైసెన్స్ వచ్చేదాకా ఆగొద్దు, అప్లికేషన్ ప్యాకెట్ పంపే వారంలోనే ఇచ్చేయండి. 30 రోజుల గడువు ఆ లోపే అయిపోతుంది. సర్టిఫైడ్ మెయిల్‌లో పంపి రసీదు దాచుకోండి, కాపీ ఒకటి డేకేర్ ఫైల్‌లో పెట్టండి. ఎనిమిది మంది సంగతి మాత్రం ఇప్పుడు ఎత్తకండి, దానికి ఆయన సంతకం కావాలి కదా, ఏడాది నడిచాక అడిగితే ఆయనే చూసి ఉంటాడు కాబట్టి ఒప్పుకునే ఛాన్స్ ఎక్కువ.